పన్నెండు ఫైళ్లు డిలీట్ చేస్తే చెత్తబుట్టలో ఒక్కటే: సాంబా మాడ్యూల్ ఒకదాన్ని బాగుచేసిన పని

విజయవాడలో ఒక పుస్తక ప్రచురణ సంస్థకి సర్వర్లు చూసే పని నాది. డీటీపీ చేసేవాళ్లు, ప్రూఫులు దిద్దేవాళ్లు, ముఖచిత్రాలు వేసేవాళ్లు కలిపి ఇరవై పైచిలుకు సిస్టమ్‌లు, వాటన్నిటి ఫైళ్లూ ఒకే లినక్స్ సర్వర్‌లో ఉంటాయి. విండోస్ సిస్టమ్‌లకి ఆ ఫైళ్లు అందించేది సాంబా. 1991 చివర్లో ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రాలో ఆండ్రూ ట్రిడ్జెల్ మొదలుపెట్టిన ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఇది. ఇప్పటికీ చిన్న ఆఫీసుల ఫైల్ సర్వర్లలోనూ, చాలా నాస్ డబ్బాల (నెట్‌వర్క్ మీద ఫైళ్లు దాచే పరికరాల) లోపలా నడిచేది ఇదే.

2024 మార్చి 12, మంగళవారం సాయంత్రం ఐదు కావస్తుండగా డీటీపీ విభాగం నుంచి ఫోన్. "తమ్ముడూ, చెయ్యి జారి ఫోల్డర్ డిలీట్ అయిపోయింది. చెత్తబుట్టలో ఉంటాయిలే అని కంగారుపడలేదు. తీరా చూస్తే అందులో ఏమీ లేవు." ఆ అక్క పదిహేనేళ్లుగా అక్కడే పేజీలు పెడుతోంది, ఊరికే ఫోన్ చేసే మనిషి కాదు.

ఒక విషయం చెప్పాలి. నెట్‌వర్క్ షేర్‌లో ఫైల్ డిలీట్ చేస్తే అది విండోస్ రీసైకిల్ బిన్‌లోకి పోదు, నేరుగా పోతుంది. అందుకని సర్వర్ వైపే ఒక చెత్తబుట్ట పెట్టుకోవాలి. సాంబాలో దానికి రీసైకిల్ అనే మాడ్యూల్, అంటే విడిగా తగిలించుకునే కోడ్ ముక్క, ముందే ఉంది. అయితే ఎవరు, ఎప్పుడు, ఏ సిస్టమ్ నుంచి డిలీట్ చేశారో ఫైల్ పేరు మీదే కనపడాలని ఇక్కడి యాజమాన్యం అడిగిందట, నాకన్నా ముందు పనిచేసిన కుర్రాడు దానికోసం సొంతంగా ఒక మాడ్యూల్ రాసి, సాంబా లైసెన్స్ అయిన జీపీఎల్ కిందే అందరికీ అందుబాటులో పెట్టాడు. సీ భాషలో 640 లైన్లు. నాలుగేళ్లుగా దాని జోలికి ఎవరూ పోలేదు, పోవాల్సిన అవసరమూ రాలేదు.

సర్వర్‌లోకి వెళ్లి చెత్తబుట్ట ఫోల్డర్ నేరుగా చూశాను. అక్క సిస్టమ్‌లో ఖాళీగా కనపడుతున్నచోట ఇక్కడ ఒక ఫైల్ ఉంది. పేరు చివర్లో ప్రశ్నార్థకాలు. ఫైళ్ల జాబితా చూపే ఎల్‌ఎస్ కమాండ్‌కి మైనస్ బీ తగిలించి చూస్తే ఆ పేరు చివర బ్యాక్‌స్లాష్ 340, బ్యాక్‌స్లాష్ 260 అని రెండు బైట్లు వేలాడుతున్నాయి. చాప్టర్ నంబర్ లేదు, ఇన్‌డిజైన్ ఎక్స్‌టెన్షనూ లేదు. సాంబా లాగ్ తెరిస్తే కన్వర్షన్ ఎర్రర్, ఇల్లీగల్ మల్టీబైట్ సీక్వెన్స్ అని వరుసగా లైన్లు. అంటే ఆ పేరు చెల్లని యూటీఎఫ్-8 (అక్షరాల్ని బైట్లుగా రాసే పద్ధతి), దాన్ని విండోస్‌కి అర్థమయ్యే రూపంలోకి మార్చలేక సాంబా ఆ ఫైల్‌ని చూపించకుండా వదిలేస్తోంది.

ఆ రెండు బైట్ల దగ్గర కాసేపు ఆగాలి, అసలు సంగతంతా అక్కడే ఉంది. యూనికోడ్‌లో తెలుగు అక్షరాలకి హెక్స్‌లో (పదహారు ఆధారపు అంకెల్లో) 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ వరకు చోటు ఇచ్చారు, యూటీఎఫ్-8లో వాటిలో ప్రతి ఒక్కటీ మూడు బైట్లు తీసుకుంటుంది. మొదటి బైట్ ఎప్పుడూ ఈ0, రెండోది బీ0 గానీ బీ1 గానీ, మూడోదాన్ని బట్టి అక్షరం తేలుతుంది. ఈ0, బీ0లని ఆక్టల్‌లో (ఎనిమిది ఆధారపు అంకెల్లో) రాస్తే 340, 260. అంటే ఒక తెలుగు అక్షరాన్ని మూడు ముక్కలు చేసి చివరి ముక్క పారేస్తే మిగిలేది సరిగ్గా అదే. మనం ఒకే అక్షరం అనుకునే "శ్రీ" కూడా కంప్యూటర్ లెక్కలో శ, పొల్లు, ర, గుడిదీర్ఘం కలిసి నాలుగు గుర్తులు, పన్నెండు బైట్లు. లినక్స్‌లో వాడే ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్‌లో ఫైల్ పేరుకి హద్దు 255 బైట్లు, అంటే అంతా తెలుగే అయితే 85 గుర్తులు. విండోస్ ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో హద్దు 255 యూటీఎఫ్-16 యూనిట్లు, ఒక్కో తెలుగు గుర్తుకి ఒక్క యూనిట్ చాలు కాబట్టి అక్కడ 255 తెలుగు గుర్తులు పడతాయి. ఈ తేడా ఇంగ్లీష్ పేర్లు పెట్టుకునేవాళ్లకి జీవితంలో ఎదురు కాదు.

కుర్రాడి మాడ్యూల్ ఏం చేసేదంటే, డిలీట్ అయిన ఫైల్ పేరు ముందు తేదీ, టైమ్, యూజర్ పేరు, ఐపీ అడ్రస్ తగిలించి కొత్త పేరు తయారుచేసేది. అక్క సిస్టమ్ విషయంలో ఆ తగిలింపు సరిగ్గా 34 బైట్లు. ఈ మొత్తాన్ని 256 బైట్ల బఫర్ (మెమరీలో తాత్కాలిక చోటు) లోకి ఎస్‌ఎన్‌ప్రింట్‌ఎఫ్ అనే సీ ఫంక్షన్‌తో రాసేది, చివరి బైట్ పేరు ముగిసిందని చెప్పే సున్నాకి పోతే మిగిలేవి 255. అందులో 34 తీసేస్తే అసలు పేరుకి దక్కేది 221. ఎస్‌ఎన్‌ప్రింట్‌ఎఫ్ బఫర్ దాటి రాయదు, అంతవరకు క్షేమమే, కానీ బఫర్ నిండినచోట ఏ బైట్ ఉంటే అక్కడే తెగ్గోస్తుంది. మొత్తం ఎన్ని బైట్లు కావాలో రిటర్న్ వాల్యూలో చెబుతుంది, ఆ వాల్యూని ఇక్కడ ఎవరూ చూడలేదు. అక్క ఫైళ్ల పేర్లలో పుస్తకం పేరు, సంపుటం, సంపాదకుడి పేరు, ఎన్నో విడత ప్రూఫో అన్నీ కలిపి 228 బైట్లు, ఆ తర్వాత చాప్టర్ నంబర్. మొదటి 221 బైట్లలో తొమ్మిది ఖాళీలు పోతే 212, అందులో 70 అక్షరాలకి 210, మిగతా రెండు బైట్లూ 71వ అక్షరం తాలూకు ముక్కలు.

ఇక్కడే ఇంకో ముడి విడిపోయింది. అంతకుముందు రెండు మూడుసార్లు చెత్తబుట్టలో ఫైల్ కనపడుతోంది గానీ తెరుచుకోవట్లేదని ఎవరో అంటే, ఎక్స్‌టెన్షన్ పోయింది, తగిలించి తెరవండి అని చెప్పి ఊరుకున్నాను. రెండూ ఒకే బగ్ అని అప్పట్లో తట్టలేదు. పేరులో ఖాళీలు, అంకెలు, హైఫన్లు ఒక్కో బైట్ మాత్రమే తీసుకుంటాయి కదా, అవి ఎన్ని ఉన్నాయన్నదాన్ని బట్టి కోత ఒక్కోసారి అక్షరం చివర పడుతుంది, ఒక్కోసారి మధ్యలో. అక్షరం చివర పడితే పేరు చెల్లుతుంది, ఎక్స్‌టెన్షన్ మాత్రం పోతుంది. మధ్యలో పడితే ఫైలే కనపడదు. అప్పుడే వెనకాల పడి ఉంటే అక్కకి ఆ సాయంత్రం ఆ టెన్షన్ ఉండేది కాదు, ఈ సంగతి నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

సరే, పేరు విరిగితే విరిగింది, మిగతా పదకొండు ఫైళ్లు ఏవి? సర్వర్‌లో కూడా లేవు. ఆ మిగిలిన ఒక్కదాన్ని తెరిచి చూస్తే పన్నెండో చాప్టర్. కారణం గ్రహించేసరికి నా చేతులు చల్లబడ్డాయి. పన్నెండు పేర్లూ చాప్టర్ నంబర్ దగ్గరే వేరవుతాయి, ఆ నంబర్ కోతలో పోయింది, ఫోల్డర్ డిలీట్ అంతా ఒకే నిమిషంలో జరిగింది కాబట్టి ముందు తగిలించిన తేదీ, టైమ్ కూడా ఒకటే. పన్నెండు ఫైళ్లకీ ఒకే పేరు తయారైంది. లినక్స్‌లో రీనేమ్ చేస్తే ఆ పేరుతో అప్పటికే ఫైల్ ఉన్నా ఒక్క మాట అడగకుండా దాని స్థానంలో కూర్చుంటుంది. ఒకదాని మీద ఒకటి పడుతూ చివరిది మిగిలింది. ఫైళ్లు పోకుండా కాపాడాల్సిన కోడే వాటిని పోగొట్టింది.

రాత్రి బ్యాకప్ ఉంది కాబట్టి పదకొండూ వెనక్కి వచ్చాయి, ఆ రోజు చేసిన దిద్దుబాట్లు తప్ప. అక్క ఆ రాత్రి తొమ్మిదిన్నర దాకా కూర్చుని ప్రూఫ్ కాగితాలు పక్కన పెట్టుకుని మళ్లీ దిద్దింది. ఒక్క మాట అనలేదు.

ఆ రాత్రే ఒక ప్యాచ్ రాశాను. పేరు తెగ్గొట్టాల్సి వస్తే, కోత పడేచోటి బైట్ మొదటి రెండు బిట్లు ఒకటి, సున్నా అయినంతసేపు వెనక్కి జరగడం, ఎందుకంటే యూటీఎఫ్-8లో అలా మొదలయ్యే బైట్ అక్షరం మధ్యలోది. ఎక్స్‌టెన్షన్‌ని ముందే పక్కకి తీసి చివర మళ్లీ అతికించడం. అదే పేరుతో ఫైల్ ఉంటే అంకె పెంచడం. ఇరవై నిమిషాల పని. పరీక్షించి పెట్టేసి ఇంటికొచ్చాను, కానీ మనసు ఒప్పుకోలేదు. ఈ పద్ధతిలో పేరు చెల్లుతుంది గానీ "శ్రీ" మధ్యలో తెగితే "శ్" అని పొల్లుతో ఆగిపోతుంది, చాప్టర్ నంబర్ ఎలాగూ పోతుంది. పైగా తెల్లారి కోడ్ మొత్తం కూర్చుని చదివితే, పేరు తయారుచేసే ముక్క మూడుచోట్ల ఉందని తేలింది. ఫైల్ డిలీట్ చేసేటప్పుడు ఒకటి, ఒక ఫైల్ మీదకి ఇంకోదాన్ని రీనేమ్ చేసినప్పుడు పాతదాన్ని దాచడానికి ఒకటి, ఉన్న ఫైల్‌ని ఖాళీ చేసి తెరిచినప్పుడు ఇంకొకటి. మూడూ కాపీ కొట్టి అతికించినవే, తర్వాత్తర్వాత ఒక్కోచోట ఒక్కో దిద్దుబాటు పడి వేరువేరుగా తయారయ్యాయి. నేను రాత్రి బాగుచేసింది మొదటిదాన్నే.

కుర్రాడిని తప్పుపట్టను. అతను రాసినప్పుడు ఇక్కడ పేజీలన్నీ యూనికోడ్ కాని అను ఫాంట్లలో పెట్టేవాళ్లు, ఫైల్ పేర్లు ఇంగ్లీష్‌లో చిన్నచిన్నవి. యూనికోడ్‌కి మారాక పేర్లు కూడా తెలుగులో పెట్టడం మొదలుపెట్టారు, పెట్టుకోవాలి కూడా, తన పుస్తకం పేరు తన లిపిలో రాసుకునే హక్కు మనిషికి ఉంది. దానికి తగ్గట్టు మారాల్సింది కోడ్.

ఎలాగూ మాడ్యూల్ తిరగరాయాల్సిన అవసరం ఇంకోవైపు నుంచీ వచ్చింది. అప్పుడు సర్వర్‌లో ఉన్నది డెబియన్ 10 అనే లినక్స్ వర్షన్, అందులో సాంబా 4.9. దాని ఎల్‌టీఎస్ గడువు, అంటే భద్రతా దిద్దుబాట్లు అందే గడువు, 2024 జూన్‌తో ముగిసింది. డెబియన్ 12లో సాంబా 4.17. మధ్యలో వీఎఫ్‌ఎస్ అనే పొర, అంటే సాంబాకీ ఫైల్ సిస్టమ్‌కీ నడుమ మనలాంటివాళ్లు మాడ్యూళ్లు దూర్చే పొర, మొత్తం మారిపోయింది. 2021 సెప్టెంబర్‌లో వచ్చిన 4.15తో ఆ మార్పు పూర్తయిందని సాంబా బృందం ప్రకటించింది. పాతదాంట్లో అన్‌లింక్ అని ఉన్నచోట కొత్తదాంట్లో అన్‌లింక్ఎట్, ఫోల్డర్ తీసేయడం కూడా ఒక ఫ్లాగ్‌తో అందులోంచే నడుస్తుంది. పాత మాడ్యూల్‌ని కొత్త సాంబా ఇంటర్‌ఫేస్ వర్షన్ కలవలేదని లోడ్ కూడా చేయదు.

ఈ 4.15 సంగతి చెప్పకుండా ముందుకు పోలేను, కోడ్ శుభ్రం చేయడం టైమ్ దండగ అనేవాళ్లకి నేను చూపించేది ఇదే. సీవీఈ-2021-20316 అని ఒక భద్రతా లోపం ఉంది. ఫైల్‌ని దారి పేరుతో (ఏ ఫోల్డర్‌లో ఏ ఫైల్ అని చెప్పే పూర్తి పేరుతో) ఒకసారి తనిఖీ చేసి, అదే పేరుతో మళ్లీ పనిచేసేలోపు మధ్యలో ఎవరైనా సిమ్‌లింక్ (ఇంకో చోటికి చూపించే పేరు) మార్చేస్తే షేర్ బయటి ఫైళ్ల వివరాలకి చేరుకోవచ్చు. ఇలాంటి చోట్లు ఒకటీ రెండూ కావు, దారి పేర్లతో పనిచేయడమనే పద్ధతిలోనే లోపం ఉంది. అక్కడొక ప్యాచ్, ఇక్కడొక ప్యాచ్ వేస్తే తీరదు కాబట్టి, ముందు తెరిచిన ఫోల్డర్ హ్యాండిల్‌ని పట్టుకుని దానికి సాపేక్షంగా పనిచేసేలా వీఎఫ్‌ఎస్ మొత్తాన్ని తిరగరాశారు, దానికి రెండేళ్లకు పైగా పట్టింది. పాత వర్షన్లకి ప్యాచ్ ఇవ్వడం కుదరలేదు.

నా పని అంత పెద్దది కాదు, వరస మాత్రం అదే పెట్టుకున్నాను. ముందు టెస్టులు. సాంబా బృందంలో ఒక మంచి అలవాటు ఉంది, బగ్‌ని చూపించే టెస్ట్‌ని ముందు పెట్టి, అది ఫెయిల్ అవుతుందని తెలిసిన జాబితాలో చేరుస్తారు, తర్వాతి కమిట్‌లో (కోడ్‌లో నమోదు చేసే ఒక విడత మార్పులో) బగ్ సరిచేసి జాబితాలోంచి తీసేస్తారు. దానివల్ల ఆ టెస్ట్ నిజంగా ఆ బగ్‌నే పట్టుకుంటోందని రుజువు ఉంటుంది. నేనూ అలాగే 84, 85 గుర్తుల తెలుగు పేర్లు, ఖాళీలు ఒకటి రెండు మూడు ఉన్న పేర్లు, చివరి అంకె మాత్రమే తేడా ఉన్న పన్నెండు పేర్లు అన్నీ టెస్టుల్లో పెట్టాను. కంటికి ఒకేలా కనపడి, ఒకదాంట్లో మాత్రం లిపి విరవడానికి వాడే జీరో విడ్త్ నాన్ జాయినర్ ఉన్న పేర్ల జత కూడా చేర్చాను, అదీ మూడు బైట్లే తీసుకుంటుంది, కనపడదు కాబట్టి ఎవరి లెక్కలోకీ రాదు.

తర్వాత ప్రవర్తన మార్చకుండా శుభ్రం చేయడం. మూడు ముక్కల్ని ఒకే ఫంక్షన్‌లోకి తెచ్చాను. డిక్లేర్ చేసినచోటే ప్రతి పాయింటర్‌కీ (మెమరీ అడ్రస్ దాచుకునే వేరియబుల్‌కి) నల్, అంటే ఖాళీ విలువ, పెట్టాను. సాంబా కోడింగ్ నియమాల్లో అది రాసి ఉంది, దాని వెనక చేదు అనుభవమూ ఉంది. 2015 ఫిబ్రవరిలో బయటపెట్టిన సీవీఈ-2015-0240లో విలువ పెట్టని ఒక పాయింటర్‌ని ఫ్రీ చేయడం వల్ల, పాస్‌వర్డ్ లేకుండా బయటినుంచి రూట్ అధికారంతో (సర్వర్ మీద పూర్తి అధికారంతో) కోడ్ నడిపే ప్రమాదం ఏర్పడింది. ఇండెంటేషన్ మార్పులు ఒక కమిట్, పేర్ల మార్పులు ఒకటి, ఫంక్షన్ విడదీయడం ఒకటి. అన్నీ కలిపేస్తే ఆరు నెలల తర్వాత ఏ లైన్ ఎందుకు మారిందో నాకే అర్థం కాదు.

అలా సర్దుతుంటే ఇంకో రెండు బగ్‌లు వాటంతటవే బయటపడ్డాయి. సాంబాలో మెమరీని టాలక్ అనే లైబ్రరీ చూస్తుంది. ప్రతి మెమరీ ముక్కకీ ఒక తల్లి ఉంటుంది, తల్లిని ఫ్రీ చేస్తే పిల్లలన్నీ పోతాయి. మాడ్యూల్‌లో 4096 బైట్ల దారి బఫర్లు మూడు, ప్రతి డిలీట్‌కీ కొత్తగా తీసుకుని వాటికి తల్లిగా కనెక్షన్‌ని పెట్టారు. కనెక్షన్ తెగేదాకా అవి పోవు. సాయంత్రం ఆపేసే సిస్టమ్‌లతో ఇబ్బంది లేదు, కానీ పీడీఎఫ్‌ల నుంచి పేజీ బొమ్మలు తీసే సిస్టమ్ రాత్రింబవళ్లు నడుస్తుంది, వేల తాత్కాలిక ఫైళ్లు రాసి చెరిపేస్తుంది. ఒక్కో డిలీట్‌కి 12 కేబీ, పాతిక వేల డిలీట్లకి 300 ఎంబీ. సాంబా ఒక్కో క్లయింట్‌కి ఒక్కో ఎస్‌ఎంబీడీ ప్రాసెస్ నడుపుతుంది కాబట్టి ఆ ఒక్క ప్రాసెసే ఉబ్బుతూ పోయేది. సాంబాతో వచ్చే ఎస్‌ఎంబీకంట్రోల్ అనే కమాండ్‌కి ఆ ప్రాసెస్ నంబర్ ఇచ్చి పూల్ యూసేజ్ అడిగితే టాలక్ చెట్టు మొత్తం చూపిస్తుంది, కనెక్షన్ కింద 4096 బైట్లు, 4096 బైట్లు అని వేల లైన్లు ఒకదాని కింద ఒకటి. ఫంక్షన్ మొదట్లో ఒక స్టాక్‌ఫ్రేమ్ తీసుకుని అన్నిటినీ దాని కింద పెట్టి, చివర ఆ ఫ్రేమ్‌ని ఫ్రీ చేస్తే సరిపోయింది.

రెండోది ఎర్‌నో, అంటే పని ఎందుకు ఫెయిలైందో సిస్టమ్ చెప్పే నంబర్. రీనేమ్ ఫెయిలైతే కారణం ఎర్‌నోలో ఉంటుంది, కానీ వెనక్కి వచ్చేలోపు లాగ్ రాసే కాల్ ఒకటి నడిచి ఆ విలువని మార్చేసేది. డిస్క్ నిండితే యూజర్‌కి ఇంకేదో సంబంధం లేని ఎర్రర్ కనపడేది. ఫెయిలైన వెంటనే విలువని పక్కన పెట్టుకుని, లాగ్, ఫ్రీ అన్నీ అయ్యాక తిరిగి పెట్టడమే మందు.

ఇక అసలు బగ్. కోడ్ అంతా ఒకచోటికి వచ్చాక కనపడింది, పేరుకి ఏదో ఒకటి తగిలించాలనుకోవడం దగ్గరే పొరపాటు ఉందని. తేదీ, టైమ్, యూజర్, ఐపీ అన్నిటినీ ఫోల్డర్ పేరులోకి మార్చాను. చెత్తబుట్టలో రోజుకో ఫోల్డర్, దాని లోపల గంట-నిమిషం, యూజర్, ఐపీ, ప్రాసెస్ నంబర్‌తో ఇంకో ఫోల్డర్, అందులో ఫైల్ తన అసలు పేరుతో ఒక్క బైట్ మారకుండా. పేరు పెరగదు కాబట్టి తెగ్గొట్టే అవసరమే లేదు, నేను రాత్రి రాసిన ఇరవై నిమిషాల ప్యాచ్‌తో సహా ఆ కోడ్ మొత్తం తీసేశాను. మొదట ఫైల్‌కో ఫోల్డర్ పెట్టాను, అక్కకి చూపిస్తే "పన్నెండు ఫైళ్లకి పన్నెండు ఫోల్డర్లు తెరవాలా?" అంది, న్యాయమే. అందుకని ఒకే నిమిషంలో ఒకే కనెక్షన్‌లో పోయినవన్నీ ఒకే ఫోల్డర్‌లో ఉంటాయి, అదే పేరు రెండోసారి వస్తే మాత్రం చివర అంకెతో కొత్త ఫోల్డర్ పుడుతుంది. ఫోల్డర్ పుట్టించే ఎంకేడీఐఆర్ కాల్, రీనేమ్‌లాగా కాదు, ఆ పేరు అప్పటికే ఉంటే ఫెయిలవుతుంది, మనకి కావలసింది అదే. ప్రాసెస్ నంబర్ ఉంది కాబట్టి ఇంకో క్లయింట్ వచ్చి ఇందులో చెయ్యి పెట్టడు.

సాంబా సొంత రీసైకిల్ మాడ్యూల్‌కే మారిపోవచ్చు కదా అని ఒకరోజంతా ఆలోచించాను. చాలామందికి అదే సరైన దారి. కానీ అది చెత్తబుట్టలోకి జరపడం కుదరకపోతే ఫైల్‌ని నిజంగానే తీసేస్తుంది, యూజర్ కోరింది డిలీటే కాబట్టి అదొక పద్ధతి. మాకు మాత్రం జరపలేకపోతే డిలీట్ ఆగిపోవాలి, ఎర్రర్ రావాలి. అందుకే సొంత మాడ్యూల్ ఉంచాను. ఇన్‌డిజైన్ తాళం ఫైళ్లనీ, ఆ పేజీ బొమ్మల తాత్కాలిక ఫైళ్లనీ మినహాయింపు జాబితాలో పెట్టాను, సగం చెత్త అక్కడే తగ్గింది. 640 లైన్లది 270కి వచ్చింది, మెమరీ తప్పుల్ని పట్టుకునే అడ్రస్ శానిటైజర్‌తో బిల్డ్ చేసి టెస్టులన్నీ నడిపితే ఒక్క ఫిర్యాదూ లేదు. మే నెలాఖరులో డెబియన్ 12తో కలిపి ఎక్కించాను.

మిగిలింది పాత చెత్తబుట్ట. అందులో విరిగిన పేర్లతో 41 ఫైళ్లు దొరికాయి. విరిగిన పేరుని కీబోర్డ్ మీద టైప్ చేయలేం కాబట్టి ప్రతిదానికీ ఐనోడ్ నంబర్ (ఫైల్ సిస్టమ్ ప్రతి ఫైల్‌కీ ఇచ్చే నంబర్) తీసి, ఫైండ్ కమాండ్‌కి ఆ నంబర్ ఇచ్చి తాత్కాలిక పేరు పెట్టాను. ఒక శనివారం మధ్యాహ్నం అక్కా నేనూ కూర్చుని ఒక్కొక్కటీ తెరిచాం. మొదటి పేజీ చూడగానే ఇది ఫలానా సంపుటం, ఇది మూడో విడత ప్రూఫ్ అని చెప్పేస్తోంది, నేను పేరు పెడుతున్నాను. 37 ఫైళ్లు వాటి వాటి ఫోల్డర్లకి చేరాయి. మిగతా నాలుగూ ఏ పుస్తకానివో అక్కకి కూడా అంతుపట్టలేదు, వాటిని విడిగా ఒక ఫోల్డర్‌లో పెట్టి ఉంచాం.